మల్కాపురం రాయి ముందు నిలబడితే

ఒరేయ్ బావా,

మధ్యయుగం అంటే ఎవరు, ఏ మతాలు, ఎలాంటి సమాజాలు, ఒక్క ఉత్తరంలో తేల్చి రాసెయ్ అన్నావు. ప్రపంచమంతా చుట్టి చెప్పమంటే నా వల్ల కాదు, నీకూ తలనొప్పి. అందుకే ఒక్క శాసనపు రాయి దగ్గర కూర్చోబెడతా. గుంటూరు జిల్లాలో మల్కాపురం, మందడం పక్కనే. ఇవాళ సచివాలయం ఉన్న వెలగపూడి ఉందే, ఆ ఊరి పేరు కూడా ఈ రాతిమీదే ఉంది. 1261 నాటి సంగతి. పైన నంది కూర్చుని ఉంటుంది, కింద స్తంభం నిండా అక్షరాలు.

ముందు తారీఖు సంగతి. రాతిమీద ఉండేది శాలివాహన శకం లెక్క. 1183కి 78 కలిపితే 1261. పుష్యం, మాఘం, ఫాల్గుణం లాంటి ఉగాది ముందు నెలలైతే జనవరి దాటిపోతుంది కాబట్టి 79 కలపాల్సి రావచ్చు. ఒక ఏడాది తేడా చాలామందికి వచ్చేది ఇక్కడే. ఇంకో చిక్కుంది, చాలా శాసనాల్లో అంకెలుండవు, మాటలుంటాయి. రాములు 3, వసువులు 8, రుద్రులు 11 అనుకో. "రామ వసు రుద్ర" అని రాస్తే కుడి నుంచి ఎడమకి చదవాలి, 1183 వస్తుంది. ఎడమ నుంచి చదివావంటే 3811కి పోతావు! పక్కన సంవత్సరం పేరు, ఇక్కడైతే దుర్మతి, ఉంటే దాంతో సరిచూసుకో. రెండూ కలవకపోతే మనం ఎక్కడో తప్పు చదివామనే ముందు అనుమానించాలి. చెక్కినవాడి తప్పు తరవాతి మాట.

రాతిమీది కథ కాకతి గణపతిదేవుడితో మొదలవుతుంది. ఆయనకి దీక్ష ఇచ్చిన శైవగురువు విశ్వేశ్వర శివాచార్యుడు, విశ్వేశ్వర శంభువు అని కూడా అంటారు. ఈయన మన తెలుగువాడు కాదు. గౌడదేశంలో, అంటే బెంగాల్ వైపు రాఢలో పుట్టినవాడు. ఆయన గురుపరంపర పుట్టిల్లు గోళకీ మఠం, నర్మద దగ్గరి దాహల దేశంలో కలచురి రాజుల అండతో వేళ్ళూనింది. ఆ పరంపరలో ఒక గురువు కేరళ నుంచి వచ్చినవాడు. అంటే బెంగాల్లో పుట్టినవాడు మధ్యదేశపు మఠం తరఫున కృష్ణ ఒడ్డుకొచ్చి ఓరుగల్లు రాజుకి గురువయ్యాడు. మధ్యయుగంలో ఎవడి ఊళ్ళో వాడే పడుండేవాడు అనే మాట ఇక్కడికొచ్చేసరికి నిలవదు.

గణపతి ఆయనకి మందడం ఇచ్చాడు. కూతురు రుద్రమ వెలగపూడి ఇచ్చింది, కృష్ణలో లంకతో సహా. ఇంకో హెచ్చరిక: రుద్రమ చాలా శాసనాల్లో "రుద్రదేవ మహారాజు" అని మగపేరుతోనే కనిపిస్తుంది. ఆ పేరు చూసి వెంటనే ఆమె పెత్తాత రుద్రదేవుడు అనుకోకు, సంవత్సరం చూసి తేల్చుకో.

ఆ ఊళ్ళతో విశ్వేశ్వరుడు ఏం చేశాడన్నదే అసలు పస. తన పేరుమీద గుడి, మఠం, అన్నసత్రం పెట్టి, ద్రావిడ దేశపు బ్రాహ్మణ కుటుంబాలు 60 తెచ్చి దింపాడు. వాళ్ళకి 120 పుట్ల భూమి, కుటుంబానికి రెండు పుట్లన్నమాట. మిగిలిన భూమిని మూడు వాటాలు వేశాడు. ఒకటి శివుడి గుడికి. ఒకటి చదువుకునే పిల్లలకీ మఠానికీ. మూడోది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రం ఈ మూడింటికీ. కాన్పులకి విడిగా ఒక శాల పెట్టి దానికి భూమి వాటా తీసిపెట్టడం చూశావా! ఇది 1261.

ఇక జీతగాళ్ళ పట్టిక. ఋగ్, యజుస్, సామవేదాలకి ముగ్గురు. వ్యాకరణం, తర్కం, సాహిత్యం, ఆగమం లాంటి వాటికి అయిదుగురు. ఒక వైద్యుడు, ఒక కాయస్థుడు, అంటే లెక్కలు రాసేవాడు. గుడిలో నాట్యం చేసేవాళ్ళు 10 మంది, మద్దెలవాళ్ళు 8 మంది, పాటకత్తెలు 14 మంది, వీళ్ళ మధ్యలో కాశ్మీరం నుంచి వచ్చినవాడొకడు! కంసాలి, కమ్మరి, కుమ్మరి, వడ్రంగి, మంగలి, రాతిపని, వెదురుపని వాళ్ళున్నారు. ఊరి కావలికి వీరభద్రులని 10 మంది, వీరముష్టులని 20 మంది. ఈ కాపలావాళ్ళ పని చెప్పేచోట తల, కడుపు కోయడం అన్న మాటలున్నాయి. తప్పుచేసినవాళ్ళకి శిక్ష అని కొందరు చదివారు, భక్తితో తమని తామే కోసుకోవడం అని ఇంకొందరు. వీరశైవం వేడి మీదున్న కాలం కాబట్టి నాకైతే రెండోది కొట్టిపారేసేదిగా అనిపించదు.

సత్రంలో అన్నం బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా అందరికీ అని రాశారు. అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారని మాత్రం రాయలేదు. ఉపన్యాసాల్లో ఆ రెండింటినీ కలిపేస్తుంటారు, నువ్వు కలపకు. మఠాధిపతి నడత చెడితే తీసేసి ఇంకొకర్ని పెట్టుకునే హక్కు శైవులకి ఉందనీ ఉంది. అది చదివినప్పుడు ముచ్చటేసింది, గురువుగారు తన తరవాత వచ్చేవాళ్ళని బాగానే ఎరిగినవాడు.

ఇప్పుడు జాగ్రత్తగా విను. ఇది నివేదిక కాదు, ఏర్పాటు. ఇలా జరగాలని చెక్కించారు. ఎన్నేళ్ళు జరిగిందో, ప్రసూతిశాలలో ఎన్ని కాన్పులయ్యాయో రాయి చెప్పదు. మొదటిరోజు గీసిన నక్షా చూసి ఇల్లు కట్టేశారనడం ఎంతో, ఇదీ అంతే. ఇక పుట్టి. ధాన్యం కొలతలో పుట్టికి 20 తూములు, తూముకి 4 కుంచాలు, కుంచానికి 4 మానికలు, అంటే 320 మానికలు. భూమి దగ్గర పుట్టి అంటే వేరే లెక్క, సీమకో రకం. కొలిచే గడ పొడుగే ఊరూరికీ మారేది. కాబట్టి "120 పుట్లు అంటే ఇన్ని ఎకరాలు" అని ఎవడైనా ఖచ్చితంగా చెబితే, గడ ఎంతండీ అని అడుగు.

ఇంతకీ ఆ పొలం దున్నినవాళ్ళెవరు? రాతిమీద వాళ్ళ పేరు లేదు. వాళ్ళ పంటలో రాజు భాగం ఇప్పుడు గుడికీ బడికీ పోతుందన్నదే ఆ దానం అర్థం. నేల చేతులు మారినా నాగలి చేతులు మారలేదు.

ఇదే కిటుకు చిన్న ఎత్తున చూడాలంటే అఖండదీపం శాసనాలు చదువు. ద్రాక్షారామం, బెజవాడ, బాపట్ల గుళ్ళలో కొల్లలు. ఒకడు దేవుడికి దీపం పెట్టాలనుకుంటాడు. డబ్బు హుండీలో వెయ్యడు. 50 "ఇనుపయెడ్లు" ఇస్తాడు. ఎడ్లు అని కంగారుపడకు, గొర్రెలు. ఆవులైతే 25. వాటిని గుడి కట్టేసుకోదు, ఫలానా బోయవాడికి, అంటే మంద కాసేవాడికి, అప్పగిస్తుంది. అతను మేపుకుంటాడు, పిల్లలూ పాలూ అతనివి. బదులుగా రోజుకి మానెడు నెయ్యి గుళ్ళో పొయ్యాలి, తన కొడుకులూ మనవళ్ళూ కూడా, ఆచంద్రార్కం. మంద ఎప్పుడూ అంతే ఉండాలి, చచ్చినదాని బదులు పుట్టినది లెక్కకొస్తుంది. తమిళదేశంలో ఇలాంటి మందనే "చావా మూవా పేరాడు" అంటారు, చావనివీ ముదియనివీ అయిన గొర్రెలు. అక్కడ దీపానికి 90, 96 చొప్పున ఇచ్చేవాళ్ళు. తేడా చూడు, ఒక్కో సీమలో ధర ఒక్కో రకం. ఇక్కడ పాడయ్యేదీ తెలిసినదే: రోగం తగిలి మంద పోతే బాధ్యత మాత్రం బోయవాడి కొడుకు మెడకే చుట్టుకుంటుంది. దాతకి పుణ్యం, దేవుడికి వెలుగు, పూచీ బోయవాడి పాకలో.

కులాల గురించి అడిగావు కదా. బోయ, సెట్టి, రెడ్డి, నాయకుడు, ప్రెగ్గడ, ఇవన్నీ శాసనాల్లో పేర్ల చివర వస్తాయి. వీటిని ఇవాళ్టి కులంగా వెనక్కి తోసి చదివితే బోల్తా పడతావు. వీటిలో చాలావరకు పనినీ హోదానీ చెప్పేవే, తండ్రి పేరు చివర ఒకటి, కొడుకు పేరు చివర ఇంకొకటి కూడా కనిపిస్తాయి. కాకతీయులే కొన్ని శాసనాల్లో నాలుగో వర్ణం వాళ్ళమని దాచుకోకుండా చెప్పుకున్నారు. జనం గుంపుగా దానం చేసినప్పుడు "అష్టాదశ ప్రజ" అంటారు, నూనెవాళ్ళ సంఘం "తెలికి వేవురు", వర్తకులు "ఉభయ నానాదేశి పెక్కండ్రు". పెక్కండ్రు అన్న మాట ఎంత బాగుందో, చాలామందిమి అని సంతకం పెట్టినట్టు.

జైనం ఊసు ఎత్తకపోతే తప్పవుతుంది. హనుమకొండ పద్మాక్షి గుట్టమీద 1117లో మంత్రి బేతన భార్య మైలమ బసది, అంటే జైనుల గుడి, కట్టించింది. శైవం ఊపందుకున్నాక ఆ గుట్టే అమ్మవారి గుట్టయింది. తీర్థంకరుల బొమ్మలు ఇప్పటికీ బండమీదే ఉన్నాయి.

ఇక సముద్రం. బాపట్ల జిల్లా మోటుపల్లిలో గణపతిదేవుడు 1244-45లో వేయించిన అభయశాసనం ఉంది. దానిలో ఉన్నది చాలా సూటి మాట. ఓడ తుఫానుకి చెదిరి కొట్టుకొస్తే, పాత రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు సర్వం లాక్కునేవాళ్ళు. ప్రాణంకన్నా ధనమే ఎక్కువని సముద్రానికి తెగించినవాళ్ళమీద మేం దయతలిచి, నిర్ణయించిన సుంకం తప్ప అన్నీ వదిలేస్తున్నాం అంటాడు గణపతి. సుంకం ముప్పైకి ఒకటి. తరవాత సరుకుల పట్టిక: గంధం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగుదంతం, రాగి, సీసం, పట్టుదారం, పగడాలు, మిరియాలు, పోకలు. పోకలకి లక్షకి ఇంత అని లెక్క, గంధానికి తూకం. దయ అన్నారు కానీ, ఓడలు భయపడి పక్క రేవుకి పోతే ముప్పైలో ఒకటి కూడా దక్కదని రాజుకి తెలియకపోలేదు.

దాదాపు యాభై ఏళ్ళ తరవాత మార్కో పోలో ఈ తీరం గురించి రాస్తూ దేశాన్నే "ముట్ఫిలి" అన్నాడు, మోటుపల్లి పేరే అది. ఏలే రాణి, అంటే మన రుద్రమ, తెలివైనది, భర్త పోయాక నలభై ఏళ్ళుగా పాలిస్తోందన్నాడు. తండ్రి గణపతిని పట్టుకుని మొగుణ్ణి చేశాడు! సాలెగూడు లాంటి సన్నబట్టల మాట నమ్ము. గద్దలు మాంసంతో వజ్రాలు మోసుకొచ్చే కథ మాత్రం పక్కన పెట్టు, అది ఓడరేవుల్లో అందరూ చెప్పుకునేదే.

మల్కాపురం వెళ్తే పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్ళు. ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడాలి, అప్పుడే గీతల్లో నీడ నిలిచి అక్షరం లేస్తుంది. మిట్టమధ్యాహ్నం ఫోటోలు తీస్తే రాయి నున్నగా కనిపించి ఒక్క ముక్క చదవలేవు. మేఘం పట్టిన రోజైతే ఫోన్ టార్చి రాతికి ఆనించినట్టు పక్కగా పట్టించు. అక్షరాలు తేలాలని పిండో సుద్దో రుద్దకు, నూనె అసలే వద్దు, గీతల్లో దుమ్ము పట్టి గట్టిపడుతుంది. నాలుగు వైపులూ కిందనుంచి పైకి, ఒక ఫోటో అంచు ఇంకోదానిలోకి కలిసేలా తీసి పంపు. వెలగపూడి పేరు ఎక్కడుందో గుర్తుపెట్టి తిరిగి పంపిస్తా.

ఉంటా మరి,
నీ నేస్తం