మన ఆన్‌లైన్ దుకాణం ఎందుకు మార్చామంటే

నమస్కారమండీ. మూడు వారాలుగా మా పాత లింకు నొక్కితే ‘స్టాక్ లేదు’ అని వస్తోందని చాలామంది వాట్సాప్ చేశారు. స్టాక్ ఉంది. హైదరాబాద్ చిక్కడపల్లిలో మా గది నిండా తెలుగు అక్షరాలు వేసే గుడ్డ సంచులు, టీషర్టులు, కప్పులు ఉన్నాయి. అమ్మే చోటు మార్చాం, అంతే. ఎందుకు మార్చామో, మీకు ఏది తగ్గుతుందో, ఏది పెరుగుతుందో దాచకుండా చెబుతాను.

ముందు ఎండాకాలంలో జరిగిన సంగతి. కరీంనగర్ నుంచి ఒకావిడ వాళ్ల అమ్మమ్మ ఎనభయ్యో పుట్టినరోజుకి 12 టీషర్టులు ఆర్డర్ పెట్టారు. ‘మా అమ్మమ్మ మనుమలం’ అని వేయమన్నారు. అప్పట్లో ఆ పని బయటి సంస్థకి అప్పగించి ఉన్నాం. కొనేవాళ్లు సైట్‌లో పేరు టైప్ చేస్తే అది నేరుగా వాళ్ల మెషీన్‌కి వెళ్లేది, సరుకు అక్కణ్నుంచే ఇంటికి చేరేది. మా కంట పడేది కాదు. ఆవిడ పార్సిల్ విప్పితే పన్నెండింటి మీదా ‘మా అమ్‌మమ్‌మ’ అని ఉంది. ఫొటో పంపి ఒక్క మాట అడిగారు: “తెలుగు అక్షరాలు అమ్మేటోళ్లు అక్షరం చూస్కోరా అండి?” డబ్బు వాపసు ఇచ్చాం. పుట్టినరోజుని వాపసు ఇవ్వలేం కదా.

కారణం తర్వాత తెలిసింది. మనం ‘మ్మ’ అని కొడితే కంప్యూటర్‌కి అందేవి మూడు: మ, పొల్లు, మళ్లీ మ. వాటిని కలిపి కింద వత్తు దిద్దడం ఇంకో సాఫ్ట్‌వేర్ పని. ఫోన్‌లో అది చక్కగా జరుగుతుంది. ప్రింటుకి బొమ్మగా మార్చే చోట ఆ సాఫ్ట్‌వేర్ లేకపోతే వత్తు ఊడి పక్కన నిలబడుతుంది. తెర మీద బాగున్నది బట్ట మీద చెడేది అందుకే.

అందుకని కొత్త చోటు వెతికేటప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న ఖర్చు గురించి కాదు. ఆర్డర్‌కీ ప్రింట్‌కీ మధ్య మనిషి చూసే మెట్టు ఒకటి పెట్టుకోవచ్చా అన్నదే.

పెద్ద ఆన్‌లైన్ అంగళ్లలో జనం ఉంటారు, నిజమే. కానీ కొన్నది ఎవరో మాకు సరిగ్గా తెలియదు, ‘వత్తు ఇలా ఉంటే సరేనా’ అని మిమ్మల్ని అడిగే దారి ఉండదు. కమీషన్ సంగతి సరే, అమ్మకం మీద జీఎస్టీ కింద 0.5 శాతం, ఆదాయపు పన్ను కింద 0.1 శాతం ముందే పట్టుకుంటారు. లెక్కలు దాఖలు చేశాక అది మన ఖాతాలో జమవుతుంది గానీ, చేతిలో డబ్బు తిరుగుతుంటేనే నడిచే మాలాంటి వాళ్లకి ఆ ఆలస్యం బరువే.

నెల అద్దెకి ఆన్‌లైన్ దుకాణం కట్టిచ్చే షాపిఫై అనే సేవ కొన్నాళ్లు వాడి చూశాను. నచ్చింది. ఏదీ నేర్చుకోనక్కర్లేదు. అయితే ఆ అద్దె నెలనెలా కట్టాలి. వాళ్ల సొంత పేమెంట్ సేవ మన దేశంలో లేదు కాబట్టి, బేసిక్ ప్లాన్‌లో గేట్‌వే (మీరు ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు మాకు చేర్చే సంస్థ) రుసుముకి తోడు వాళ్లకి ఇంకో 2 శాతం కట్టాలి. ₹599 టీషర్టు మీద గేట్‌వేకి 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి ₹14 పోతుంది. ఆ పైన మరో ₹12. ఒక్క చొక్కాకి చిన్నదే, ఏడాదికి కాదు. చివరికి వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ మీద, దానికి దుకాణం తగిలించే వూకామర్స్ పెట్టుకున్నాం. రెండూ ఉచితం, సర్వర్ అద్దె మాది. బ్యాకప్‌లు, అప్‌డేట్‌లు కూడా మా నెత్తినే. వాటిని మా తమ్ముడు చూస్తున్నాడు. సైట్ ఎప్పుడైనా కాసేపు ఆగితే ఓపిక పట్టండి, వాడికి పగలు వేరే ఉద్యోగం ఉంది.

ఇప్పుడు మీరు పేరు టైప్ చేస్తే అది మా దగ్గరికి వస్తుంది. రామభద్ర, మండలి, సురన్న లాంటి ఎవరైనా వాడుకోదగ్గ ఫాంట్లలో మేమే పేర్చి, బొమ్మ మీకు వాట్సాప్‌లో పంపుతాం. మీరు సరే అన్నాకే ప్రింట్. దీనివల్ల ఒక రోజు ఆలస్యమవుతుంది, తప్పదు.

వెతికేటప్పుడు ‘సంచి’ అని తెలుగులో కొట్టినా, అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా సరుకు కనిపించేలా ప్రతిదానికీ రెండు రకాలుగా పేర్లు రాశాం. లింకులు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంచాల్సి వచ్చింది. తెలుగులో పెడితే, పంపినప్పుడు ఒక్కో అక్షరం తొమ్మిది గుర్తులుగా మారి లింకు బారెడు అవుతోంది. ఎస్సెమ్మెస్ కూడా అంతే: ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టేది తెలుగులో 70కే నిండిపోతుంది. కాబట్టి తెలుగు కబుర్లు వాట్సాప్‌లో వస్తాయి.

ధరల సంగతి. టీషర్టు ₹599 అలాగే ఉంటుంది, అందులో జీఎస్టీ ₹28.52. హుడీ విషయంలో తప్పు మాదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ₹2,500 లోపు బట్టల మీద జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు మా హుడీకి 12 పడేది. పాత చోట ఆ ధర మార్చడం ఆలస్యం చేశాం. ₹1,299 కాస్తా ₹1,218 కావాలి. ఆ తేదీ నుంచి పాత ధరకి కొన్న ప్రతి ఒక్కరికీ ₹81 తిరిగి పంపుతున్నాం. అందకపోతే ఆర్డర్ నంబర్ పంపండి.

కప్పుల కొరియర్ ఖర్చు తగ్గింది. కొరియర్ వాళ్లు బరువే కాదు, పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే వచ్చే కిలోల లెక్క కూడా చూసి, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. మా పాత పెట్టె మూడు వైపులా 15 సెంటీమీటర్లు, అంటే 675 గ్రాముల లెక్క. అరకిలో దాటినందుకు కిలో ధర పడేది. బేగంబజార్‌లో 13, 11, 11 కొలతల పెట్టె దొరికింది. ఇప్పుడు అరకిలో లోపే.

పేరు వేయించుకునే వాటికి క్యాష్ ఆన్ డెలివరీ తీసేశాం. పార్సిల్ తిరిగొస్తే రానూపోనూ కొరియర్ మాదే, పైగా ఒకరి పేరున్న చొక్కా ఇంకొకరికి అమ్మలేం. మిగతావాటికి ఎప్పటిలాగే ఉంది. కార్డు వివరాలు మా దగ్గర ఉండవు, గేట్‌వే దగ్గరే ఉంటాయి. పాత పాస్‌వర్డ్‌లు పనిచేయవు, ఫోన్ నంబర్‌తో లోపలికి రండి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలని, నెలలో తేల్చాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. మా ఫిర్యాదులు చూసేది నేనే, అదే రోజు జవాబిస్తాను.

కరీంనగర్ ఆవిడ కోసం పన్నెండు టీషర్టులూ మళ్లీ వేస్తున్నాం, మా ఖర్చుతో. బొమ్మ నిన్న రాత్రి పంపాను. ఆవిడ సరే అనాలి, మెషీన్ ఆగి ఉంది.