హైదరాబాద్ కన్వెన్షన్‌కి వెళ్లొచ్చాక మీ అందరికీ చెప్పాల్సిన సంగతులు

అందరికీ నమస్కారమండి.

ముందు ఆర్డర్ల సంగతి చెప్పేస్తాను. గత నెలలో మా ఏటికొప్పాక లక్క బొమ్మలకి ఆర్డరు పెట్టిన మీలో నలభై మందికి పైగా అవి ఆలస్యంగా అందాయి. ఇంకా పదకొండు మందికి అందనే లేదు. హైదరాబాద్‌లో కామిక్స్, యానిమే (జపాన్ కార్టూన్లు) అభిమానుల కన్వెన్షన్‌లో స్టాల్ తీసుకున్నాం. వెళ్లింది మూడు రోజులకే అయినా, అంతకుముందు పది రోజులూ మా రెండు లేత్ మిషన్లు ఆ సరుకు మీదే నడిచాయి. వచ్చాక వారంలో మీ బాకీ అంతా తీర్చేస్తాం అనుకున్నాం. తీర్చలేకపోయాం, లెక్క మాదే తప్పింది. ఆ పదకొండు పార్సిళ్లూ ఈ శనివారంలోగా బయల్దేరతాయి. డబ్బు వెనక్కి కావాలన్న ముగ్గురికీ పంపించేశాం. ఇంకెవరికైనా కావాలంటే ఒక్క మెసేజ్ పెట్టండి, కారణం చెప్పక్కర్లేదు.

స్టాల్ మాత్రం బాగా నడిచింది. ఏటికొప్పాక బొమ్మలంటే బొమ్మల కొలువు, లక్కపిడతలు, పెళ్లిలో పెట్టే కుంకుమ భరిణెలు, అంతవరకే అని మేమే అనుకునేవాళ్లం. అక్కడ చూస్తే తమకిష్టమైన పాత్రల వేషాలు వేసుకుని, అట్టతో చేసిన రెక్కలు కట్టుకున్న అమ్మాయిలు, వీపున కత్తులు పెట్టుకున్న కుర్రాళ్లు వచ్చి మా డ్రాగన్లు, రాకెట్లు, గుడ్లగూబలు ఏరుకుని మరీ కొన్నారు. సుమారు 600 బొమ్మలు పట్టుకెళితే 70 మిగిలాయి. మా ఆయన రైల్లో వచ్చేటప్పుడు దారంతా వచ్చే ఏటికి ఏం చేద్దామా అని బొమ్మలు గీస్తూనే ఉన్నారు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు ఒక మెసేజ్ వచ్చింది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే. రెండేళ్లుగా మా దగ్గర కొంటున్న ఒకావిడ పంపారు. ఆవిడ ఒప్పుకున్నాకే ఇక్కడ పెడుతున్నాను.

"శనివారం మీ స్టాల్‌కి వచ్చానండి. నేను వీల్‌చెయిర్ వాడతానని మీకు తెలీదు, చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. మీ బల్ల ముందు రెండు అట్టపెట్టెలు, ఒక నిలువు బ్యానరు ఉన్నాయి. పావుగంట ఆగాను. జనం వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. గుడ్లగూబ ఎలా ఉందో చూడకుండానే వెళ్లిపోయాను. కోపంతో రాయడం లేదు. మీకు తెలియాలని రాస్తున్నాను."

చదివాక చాలాసేపు ఫోన్ కింద పెట్టలేకపోయాను. ఆ రోజు తీసిన ఫొటోలన్నీ తిరగేశాం. శనివారం మధ్యాహ్నం మా తమ్ముడు తీసిన ఒక ఫొటోలో, జనం కాళ్ల సందులోంచి ఒక చక్రం అంచు కనిపిస్తోంది. దాని పక్కనే మా అట్టపెట్టెలు. పెట్టెల మీద మా షాపు పేరు పెద్దక్షరాల్లో ఉంది.

ఆ పెట్టెలు అక్కడెందుకు పెట్టామంటే, సరుకు అయిపోగానే చేతికి దగ్గరగా ఉంటుందని. బ్యానరు నడవలోకి ఎందుకు జరిపామంటే, దూరం నుంచి కనపడాలని. రెండూ మా సౌకర్యం కోసమే. అడ్డమని ఎవరూ చెప్పలేదు, మాకూ తోచలేదు.

బల్లని టేపు పెట్టి కొలిచాం. నేల నుంచి 92 సెంటీమీటర్లు. దాని మీద మూడు మెట్ల స్టాండు. గుడ్లగూబలు పై మెట్టు మీద. అంటే కూర్చున్న మనిషికి మా బొమ్మల అడుగులు కనిపిస్తాయి, ముఖాలు కనిపించవు. బల్లకి నేల దాకా గుడ్డ కట్టాం కాబట్టి కుర్చీ దగ్గరికి తెచ్చినా మోకాళ్లు లోపలికి పోవు. పక్కకి తిరిగి మెడ వంచి చూడాలి. నేను వంటింటి స్టూలు మీద కూర్చుని చూశాను. మా బొమ్మలు మాకే కనపడలేదు.

ఆవిడకి ఫోన్ చేశాను. గంటసేపు మాట్లాడారు, ఎంతో ఓపిగ్గా. వీల్‌చెయిర్ నేరుగా వెళ్లాలంటే కనీసం 90 సెంటీమీటర్ల దారి ఉండాలట. వెనక్కి తిరగాలంటే ఒకటిన్నర మీటరు చోటు కావాలి. ర్యాంపు అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవుండాలి, అంతకంటే నిటారుగా ఉంటే ఒంటరిగా ఎక్కడం కష్టం, దిగడం ప్రమాదం. "ర్యాంపు ఉందా అని అడిగితే అందరూ ఉందనే అంటారండి, ఎంత వాలు అని అడగాలి" అన్నారు. మేం స్టాల్ బుక్ చేసేటప్పుడు కరెంటు ప్లగ్గులు ఎన్ని అని అడిగాం గానీ ఇది అడగలేదు.

అమెరికాలో జరిగే శాన్ డియాగో కామిక్ కాన్ గురించి కూడా ఆవిడే చెప్పారు. 1970లో ఒక హోటల్లో కొన్ని వందల మందితో మొదలైన పండగ అది, ఇప్పుడు లక్ష దాటి జనం వస్తారు. అక్కడ బధిరులు, దివ్యాంగుల కోసమే ఒక విభాగం పనిచేస్తుందట. కాసేపు కూర్చోడానికి విశ్రాంతి చోటు, పెద్ద కార్యక్రమాలకి సైగ భాషలో చెప్పేవాళ్లు, అవసరమైనవాళ్లకి కాసేపు వీల్‌చెయిరు, ఇవన్నీ అందులో భాగం. అంత రద్దీలోనూ అది చేస్తున్నారంటే, పది అడుగుల స్టాల్ పెట్టే నేను జనం ఎక్కువ ఉన్నారని సాకు చెప్పలేను.

మన దగ్గర చట్టం లేక కాదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. 21 రకాల వైకల్యాలని అది గుర్తిస్తుంది. జనానికి సేవలందించేవాళ్లు ప్రభుత్వమైనా ప్రైవేటైనా అందరికీ అందేలా ఏర్పాటు చేయాలని అందులోనే ఉంది. ఆ ఏర్పాట్లు ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదు, తప్పనిసరి చేయాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ కేసులో దేశంలోని పరిస్థితి మీద కోర్టుకి నివేదిక ఇచ్చింది హైదరాబాద్ శివారు శామీర్‌పేటలోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ల వైకల్య అధ్యయన కేంద్రమే. ఇదంతా నాకు ఈ నెలలోనే తెలిసింది. పదేళ్లుగా ఎగ్జిబిషన్లలో స్టాళ్లు పెడుతున్నాను.

ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. ఆవిడ మెసేజ్ చూశాకే అది నాకు గుర్తొచ్చింది.

ఆదివారం ఉదయం ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఒకతని చేతిలో తెల్ల కర్ర. బల్ల అంచు పట్టుకుని, రెండో చెయ్యి మెల్లగా బొమ్మల వైపు చాపాడు. పక్కనున్న స్నేహితుడు మా బోర్డు చదివి "ఆగరా, ముట్టుకోవద్దని రాశారు" అన్నాడు. ఆ చెయ్యి చటుక్కున వెనక్కి పోయింది. "అయ్యో, మీరు పట్టుకోండి బాబూ" అని ఒక బొంగరం అరచేతిలో పెట్టాను. బొటనవేలి గోరుని పైనుంచి కిందకి నెమ్మదిగా నడిపించి "నాలుగు రంగులాండీ?" అని అడిగాడు.

నాలుగే. అంకుడు కర్ర లేత్ మీద తిరుగుతుంటే రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తాం, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. ఒక రంగు ఆగి ఇంకోటి మొదలయ్యే చోట ఉలితో వెంట్రుకంత గీత పెడతాం, రంగులు కలవకుండా. ఆ గీతల్ని కొనేవాళ్లెవరూ పట్టించుకోరు. అతను లెక్కపెట్టాడు. ఏయే రంగులని అడిగితే చెప్పాను. పసుపు దేంతో వస్తుందన్నాడు, పసుపు కొమ్ముతోనే అన్నాను. నీలం నీలిమందుతో. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నవ్వాడు. రెండు బొంగరాలు కొన్నాడు.

అతను వెళ్లాక నేను బోర్డు తీయలేదు. సాయంత్రం దాకా అలాగే ఉంది. చేత్తో పట్టుకుంటేనే తెలిసే బొమ్మలు చేస్తూ, ముట్టుకోవద్దని రాసిపెట్టాను. పిల్లలు కింద పడేస్తారన్న భయంతో ఆరేళ్ల కిందట రాయించిన బోర్డది. నిజానికి ఇన్నేళ్లలో విరిగినవి పది కూడా ఉండవు. ఆ బోర్డు చూసి ఎందరు చెయ్యి వెనక్కి తీసుకున్నారో నాకు తెలిసే దారి లేదు.

ఆ మూడు రోజుల్లో మేం సరిగ్గా చేసింది ఒకటుంది. స్టేజీ స్పీకర్ల మోతకి ఒక బాబు చెవులు మూసుకుని కింద కూర్చుండిపోయాడు. వాడికి ఆటిజం ఉందని, ఐదు నిమిషాలు ఎక్కడైనా కూర్చోబెట్టాలని వాళ్లమ్మ అడిగింది. మా స్టాల్ వెనక తెర లోపల కుర్చీ వేశాం. వాడు ఒక చిన్న లక్క గిలక్కాయ పట్టుకుని తిప్పుకుంటూ కూర్చున్నాడు. ఇరవై నిమిషాలకి లేచి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. వాళ్లమ్మ అడగబట్టి మాకు తెలిసింది.

ఇకనుంచి మా స్టాల్ ఇలా ఉంటుంది. బల్లలో సగం 75 సెంటీమీటర్ల ఎత్తుకి దించుతున్నాం, ఆ సగానికి కింద గుడ్డ ఉండదు, పెట్టెలు ఉండవు. అన్ని రకాల బొమ్మలూ ఒక్కొక్కటి అక్కడే ఉంటాయి. నడవలోకి మా వస్తువు ఒక్కటీ రాదు. బోర్డు మీద "చేతిలోకి తీసుకుని చూడండి" అని ఉంటుంది. వెనక ఒక కుర్చీ ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాం. ధర నోటితో చెబుతాం, రాసి కూడా చూపిస్తాం, ఫోన్‌పేలో డబ్బు పడగానే ఎంత పడిందో పైకి చదువుతాం.

విశాఖలో చూపులేని పిల్లలకి చదువు చెప్పే ఒక టీచరుగారు బ్రెయిలీలో ధరల చీటీలు చేయడం నేర్పుతున్నారు. ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల చోటుంటుంది, అంకెలకి ముందు అంకె గుర్తు వేయాలి. వెనక వైపు నుంచి గుచ్చాలి కాబట్టి కుడి నుంచి ఎడమకి రాయాలి. నా మొదటి పది చీటీల్లో ఆరు తప్పు. టీచరుగారు వేలితో చదివి "ఇది 150 కాదమ్మా" అని నవ్వకుండా చెప్పారు. నేర్చుకుంటున్నాను.

వీటివల్ల స్టాల్లో సరుకు తగ్గుతుంది. 600 బదులు 400 పట్టుకెళతాం. అలాగని ధరలు పెంచం. కన్వెన్షన్లలో దొరకని రకాలు ఇంటి నుంచి పంపుతాం.

వచ్చే కన్వెన్షన్‌కి మీలో ఎవరైనా వీల్‌చెయిర్‌లోనో, కర్రతోనో, చెవి మిషన్‌తోనో, రద్దీకి టెన్షన్ పడే పిల్లలతోనో వస్తుంటే, నేను చూసినంతలో మొదటి రోజు తలుపులు తీసిన గంటలో నడవలు కాస్త ఖాళీగా ఉంటాయి. శనివారం మధ్యాహ్నం మాత్రం అడుగు తీసి అడుగు వేయలేం. టిక్కెట్టు కొనేముందే నిర్వాహకులకి మెయిల్ రాసి ర్యాంపు ఎక్కడ, వాలు ఎంత, దివ్యాంగుల టాయిలెట్టు ఏ హాల్లో, తోడు వచ్చేవాళ్లకి టిక్కెట్టు కావాలా అని అడిగి, జవాబు దగ్గర పెట్టుకోండి. హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి. దిగాక హాలు దాకా ఎలా అన్నది ముందే చూసుకోవాలి. మాకు ఒక రోజు ముందు చెప్పినా చాలు. మా తమ్ముడు గేటు దగ్గరికి వస్తాడు, లేదా మీరు కోరిన బొమ్మలు మీరున్న చోటికే తెచ్చి చూపిస్తాడు.

మెసేజ్ పెట్టినావిడకి గుడ్లగూబ పంపుతామన్నాను. ఉచితంగా వద్దన్నారు. డబ్బు కట్టి, నీలం రెక్కలది కావాలన్నారు. నీలం లక్క నిన్న కలిపాం, రేపు లేత్ ఎక్కుతుంది. శనివారం వెళ్లే పార్సిళ్లలో అది పన్నెండోది.