మొహం మొత్తిన పాటలకు ఏడాది విరామం: సంఘం వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

లాంకషైర్, గ్రేటర్ మాంచెస్టర్ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువాళ్లం కలిసి నడుపుకుంటున్న మన నార్తర్న్ సోల్ (ఉత్తర ఇంగ్లండ్ డాన్స్ హాళ్లు సొంతం చేసుకున్న పాత అమెరికన్ నల్లజాతి పాటల) సంఘం ఈ ఏడాది చేసిన పనులను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా పంపారు. హాలు అద్దె పెరిగినా సభ్యత్వ రుసుము పెంచలేదు. హాలువాళ్లు అభ్యంతరం చెప్పడంతో డాన్సుకు కాళ్లు సులువుగా జారేందుకు నేల మీద టాల్కమ్ పౌడర్ చల్లడం మానేశాం. డాన్స్ చేసేవాళ్లు దయచేసి తోలు అడుగు ఉన్న బూట్లు వేసుకుని రావాలి.

కార్యవర్గం ఎక్కువ సమయం వెచ్చించింది మాత్రం పాటల మీదే. "ఎప్పుడు వచ్చినా అవే పాటలు" అన్న ఫిర్యాదు గత సర్వసభ్య సమావేశంలో గట్టిగా వినిపించింది. అందులో నిజముంది. ఆల్ విల్సన్ 1968లో పాడిన 'ది స్నేక్' మొదలైతే చాలు, కొత్త సభ్యులు కేరింతలు కొడుతూ హాలు మధ్యకు పరుగెత్తుతారు. అదే క్షణంలో పాత సభ్యులు కుర్చీల మీది కోట్లు తీసుకుని టీ బల్ల వైపు నడుస్తారు. ఒకరికి అది పండగ, మరొకరికి అరిగిపోయిన రికార్డు. ఇద్దరినీ ఒకే హాల్లో ఉంచాలంటే ఏదో ఒకటి చేయక తప్పలేదు.

మనలో చాలామంది ఉద్యోగాలకు ఇక్కడికి వచ్చాకే ఈ సంగీతం విన్నారు కాబట్టి వెనకటి సంగతి కొంత చెప్పాలి. ఇది అమెరికాలో అమ్ముడుపోని పాటల మీద బతికిన సంగీతం. 1960లలో డెట్రాయిట్, షికాగో నగరాల్లో రికార్డయి, ఎవరూ కొనక గోదాముల్లో పడి ఉన్న సింగిల్స్‌ను (వైపుకు ఒక పాట ఉండే చిన్న రికార్డులను) ఉత్తర ఇంగ్లండ్ కుర్రాళ్లు వెతికి తెచ్చుకున్నారు. మాంచెస్టర్‌లో ట్విస్టెడ్ వీల్ క్లబ్బు, స్టోక్ దగ్గర టన్‌స్టాల్‌లో గోల్డెన్ టార్చ్ క్లబ్బు, ఆ తర్వాత 1973 సెప్టెంబరు 23న మొదలై 1981 డిసెంబరులో మూతపడిన విగన్ కసీనో హాలు ఆల్‌నైటర్లు (రాత్రంతా సాగే డాన్సులు) దానికి ఇళ్లయ్యాయి. ఇంకెవరి దగ్గరా లేని పాట ఉన్న డీజేకే అక్కడ గౌరవం. అందుకే లేబుల్ మీద కాగితం అంటించి, గాయకుడికి మారుపేరు పెట్టి వేసేవారు. అసలు పేరు బయటపడితే దొంగ ప్రతులు అచ్చయ్యేవి, ప్రతి హాల్లోనూ ఆ పాటే మోగేది. అప్పుడు పెద్ద డీజేలు దాన్ని పక్కన పెట్టి కొత్తది వెతుక్కునేవారు. అంటే పాట మొహం మొత్తడమనే సమస్య ఈ సంగీతంతో పాటే పుట్టింది.

ఫ్రాంక్ విల్సన్ సంగతే చూడండి. 1965లో మోటౌన్ అనే అమెరికా రికార్డుల సంస్థ కోసం ఆయన పాడిన 'డూ ఐ లవ్ యూ' ప్రతులు దాదాపు అన్నీ నాశనమయ్యాయి. మిగిలిన ఒకటి రెండింటిలో ఒక ప్రతి 2009లో 25 వేల పౌండ్లకు పైగా పలికింది. 1970లలో దాన్ని ఎడ్డీ ఫాస్టర్ అనే మారుపేరుతో దాచి వేశారు. 1979లో బ్రిటన్‌లో మళ్లీ విడుదలయ్యాక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఇంత అరుదైన రికార్డు ఇవాళ సోల్ రాత్రులన్నింటిలోనూ తప్పనిసరి పాటయింది.

ఏ పాటలు వేయాలన్న తగాదా కూడా పాతదే. 1970ల మధ్యలో బ్లాక్‌పూల్ మెక్కా డాన్స్ హాల్లో డీజేలు ఇయాన్ లెవిన్, కోలిన్ కర్టిస్ అప్పటి కొత్త విడుదలలు వేస్తే, విగన్ అభిమానుల్లో చాలామంది అరవైల నాటి జోరు పాటలనే కోరుకున్నారు. కసీనో మూతపడ్డాక స్టాఫర్డ్‌లో టాప్ ఆఫ్ ది వరల్డ్ అనే హాలు డీజేలు అరవైల పాటల్లోనే ఎవరూ వినని వాటిని, కాస్త నెమ్మది లయవాటిని ముందుకు తెచ్చారు. నా దృష్టిలో ఈ సంగీతాన్ని బతికించిన మలుపు అదే.

ఇప్పుడు చాలా చోట్ల "అసలు ముద్రణ మాత్రమే", అంటే పాట మొదట విడుదలైనప్పటి రికార్డునే వేయాలన్న నియమం నడుస్తోంది. వెతికినవాళ్ల కష్టాన్ని గౌరవించడానికి, దొంగ ప్రతులను ఆపడానికి పుట్టిన నియమమది. కానీ ధరలు ఈ స్థాయికి వచ్చాక అది చెవిని కాక జేబును కొలుస్తోంది. కార్యవర్గం దానికి ఒప్పుకోలేదు. గాయకులకు, హక్కుదారులకు డబ్బు ముట్టేలా అనుమతితో వచ్చిన పునర్ముద్రణలను మన హాల్లో వేయవచ్చు. దొంగ ప్రతులకు మాత్రం చోటు లేదు.

ఇక విరామం సంగతి. సభ్యుల ఓటుతో 'ది స్నేక్', 'డూ ఐ లవ్ యూ', 'టెయింటెడ్ లవ్' సహా కొన్ని పాటలను ఏడాదిపాటు ఆపాం. మొదట్లో హాజరు తగ్గింది. ఇష్టమైన పాట కోసమే వచ్చినవాళ్లు నిరాశపడ్డారు, వాళ్ల బాధ న్యాయమైనదే. అయితే ఆ ఖాళీలోకి సభ్యులు వెతికి తెచ్చిన పాటలు వచ్చాయి. ఎక్కువ భాగం సింగిల్స్ రెండో వైపువే. గ్లోరియా జోన్స్ 'టెయింటెడ్ లవ్' కూడా 1965లో రెండో వైపు పాటగానే వచ్చిందని ఇక్కడ గుర్తు చేస్తున్నాను. మన దగ్గర దాపరికం లేదు: ప్రతి కొత్త పాట పేరు, గాయకుడు, లేబుల్ తలుపు పక్క బోర్డు మీద రాస్తున్నాం.

విగన్‌లో తెల్లవారి ఎనిమిదింటికి ముందు ఎప్పుడూ వేసిన ఆ మూడు పాటలను మాత్రం ఆపలేదు. టోబీ లెజెండ్, జిమ్మీ ర్యాడ్‌క్లిఫ్, డీన్ ప్యారిష్‌లు పాడిన ఆ మూడూ వీడ్కోలు పాటలు. అవి పదేపదే రావడమే వాటి పని.

విరామం ఇచ్చిన పాటల్లో ఏవి తిరిగి రావాలి, వాటి స్థానంలో ఏవి ఆగాలి అన్నది వచ్చే సర్వసభ్య సమావేశంలో తేలుస్తాం. మీ ప్రతిపాదనలు రాతపూర్వకంగా కార్యదర్శికి పంపండి. ప్రతిపాదించే కొత్త పాట ఉంటే రికార్డు కూడా వెంట తీసుకురండి, సమావేశంలోనే విందాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి