బ్లాక్ ఫ్రైడే: విసుగెత్తిన పోలీసులు పెట్టిన పేరు

ప్రియమైన సూరీ,

ఊరి కబుర్లన్నీ తీరిగ్గా రాసి, చివర్లో ఒక చిక్కు ప్రశ్న పడేశావు. అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండుగ మర్నాడు అంత బేరాలు జరిగే రోజుకి ఎవరైనా కోరి ‘బ్లాక్ ఫ్రైడే’, అంటే ‘నల్ల శుక్రవారం’ అని పెట్టుకుంటారా అని! మన ఆషాఢం తగ్గింపుల పేరులో ఏ మర్మమూ లేదు కదా. నేనుండేది ఫిలడెల్ఫియా దగ్గరే కాబట్టి, ఈ ప్రశ్నకు జవాబు చెప్పే హక్కు నాకు కాస్త ఎక్కువే అనుకుంటున్నాను.

ఇక్కడ ఎవరినడిగినా సిరా కథ చెబుతారు. దుకాణాల పద్దుల్లో నష్టం ఎర్ర సిరాతో, లాభం నల్ల సిరాతో రాసేవారట. ఏడాదంతా ఎర్రగా ఉన్న పద్దు థాంక్స్‌గివింగ్ మర్నాడు నలుపుకి మారుతుందట. వినడానికి ముచ్చటగానే ఉంది గానీ, అది 1980ల్లో ప్రచారంలోకి వచ్చిన వివరణ. పేరు అంతకు చాలా ముందే ఉంది. పెట్టిందీ వ్యాపారులు కాదు, ఫిలడెల్ఫియా ట్రాఫిక్ పోలీసులు. అదీ ఒళ్లు మండి!

ఎందుకు మండదు చెప్పు? థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం. మర్నాడు బడులుండవు. అప్పట్లో క్రిస్మస్ తాత పెద్ద దుకాణాల్లో కొలువు తీరేది ఆ రోజే, ఊళ్లో పిల్లలందరికీ ఆయన్ని చూడాలని ఉండేది. వానమేకర్స్, గింబెల్స్ లాంటి అంగళ్లన్నీ నగరం నడిబొడ్డునే ఉండేవి. ఇది చాలదన్నట్టు, శనివారం సైన్యానికీ నౌకాదళానికీ జరిగే ఫుట్‌బాల్ పోటీ కోసం పొరుగూళ్ల జనం శుక్రవారం సాయంత్రమే దిగేవారు. ట్రాఫిక్ పోలీసుల్లో ఒక్కరికీ సెలవు దొరికేది కాదు, 12 గంటల డ్యూటీ. చివరికి పోలీసు బ్యాండు మేళాన్ని కూడా రోడ్డెక్కించేవారు. ట్రంబోన్ ఊదే ఆయన బళ్లను ఆపుతూ, పంపిస్తూ కనబడటం వింతేమీ కాదని జోసెఫ్ బారెట్ అనే విలేకరి 1994లో గుర్తు చేసుకున్నాడు. ఆ దృశ్యం తలచుకుంటే నాకు నవ్వాగదు. పోలీసుల నోట నలిగిన ఆ మాటను 1960ల తొలినాళ్లలో పత్రిక మొదటి పేజీకెక్కించిన వాళ్లలో బారెట్ కూడా ఒకడు.

వర్తకులు లబోదిబోమన్నారు. ఆ పేరు వింటే జనం భయపడి రారని వాళ్ల బెంగ. 1961లో ఏబ్ రోజెన్ అనే నగర అధికారి సలహాతో ‘బిగ్ ఫ్రైడే’ అని మార్చి చూశారు. ఒక్కరైనా పట్టించుకుంటేనా! 1966లో ఒక తపాలా బిళ్లల వ్యాపారి తన ప్రకటనలో ఈ పేరు పోలీసులు పెట్టిందనీ, అదేమీ ముద్దు పేరు కాదనీ బాహాటంగానే రాశాడు. పేరు మార్చడం చేతకాక చివరికి అర్థం మార్చుకున్నారన్నమాట. సిరా కథ పుట్టుక ఇదేనని నా అనుమానం. అమ్మకం విద్య తెలిసినవాళ్లు మరి!

ఫోన్లలో తిరిగే మరో కథ ఉంది, ఆ రోజు బానిసలను తక్కువ ధరకు అమ్మేవారని. అది శుద్ధ అబద్ధం, నువ్వు ఎవరికీ పంపకు. 1869 సెప్టెంబరు 24న జే గూల్డ్, జిమ్ ఫిస్క్ అనే షేర్ల వ్యాపారుల ఎత్తుగడ బెడిసికొట్టి న్యూయార్క్‌లో బంగారం ధర కుప్పకూలిన రోజునీ ఇదే పేరుతో పిలుస్తారు. దానికీ దీనికీ చుట్టరికం లేదు. 1951లో మాత్రం ఒక ఫ్యాక్టరీల పత్రిక, థాంక్స్‌గివింగ్ మర్నాడు కార్మికులంతా ఒక్కసారే జబ్బుపడుతున్నారనీ, ప్లేగు తర్వాత ఇంతటి మహమ్మారి లేదనీ వెక్కిరిస్తూ ఇదే పేరు వాడింది. వరుసగా నాలుగు రోజుల సెలవు కలిసొస్తుంటే ఎవరికి మాత్రం ఒంట్లో బాగుంటుంది?

ఆ తర్వాతి సోమవారం ఆన్‌లైన్ బేరాలకు పెట్టిన ‘సైబర్ మండే’ పేరు మటుకు అచ్చంగా వ్యాపారుల సృష్టే, 2005లో పెట్టారు. ఈసారి పోలీసులకు అవకాశం ఇవ్వలేదు!

సరే, పిన్నిగారి మోకాలి నొప్పి ఎలా ఉంది? ఆవకాయ పంపుతానని రెండు ఉత్తరాల నుంచీ ఊరిస్తున్నావు. మా బావ సంక్రాంతికి అటు వస్తున్నాడు, గట్టిగా మూత బిగించి ఆయన చేతికివ్వు.

నీ
రామం