మొహమాటం లేకుండా మన ఊరి హోటళ్ల సంగతి

మస్కట్

పూజ్యులైన మామయ్య గారికి,

మేనల్లుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరమూ క్షేమంగా ఉన్నాము. అత్తయ్య గారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని అమ్మ ఫోనులో చెప్పింది, చాలా సంతోషం.

మెయిన్ రోడ్డులో ఉన్న మన గదులను ఫ్యామిలీ రెస్టారెంటు పెట్టుకోవడానికి అద్దెకు అడుగుతున్నారని, వాళ్లకు ఇవ్వాలో, బావమరిది చేత మనమే హోటలు పెట్టించాలో తేలడం లేదని రాశారు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను ఊళ్లో చాలా చోట్ల తిన్నాను కాబట్టి, ఏ హోటలు ఎలా ఉందో దాచకుండా రాయమన్నారు. రాస్తున్నాను గాని, ఈ ఉత్తరం మీ దగ్గరే ఉంచండి. మన ఊళ్లో హోటళ్లు నడిపేవారిలో సగం మంది బడిలో మీ దగ్గర చదువుకున్నవారు, తక్కిన సగం మంది మన ఇంటి పెళ్లిళ్లలో చదివింపులు చదివించినవారు. అందువల్ల వాళ్ల మొహం మీద నిజం చెప్పేవారే లేరు. చెయ్యి కడుక్కుని గల్లాపెట్టె దగ్గరకు వచ్చిన మనిషిని యజమాని "ఎలా ఉందండీ?" అని అడిగితే "బ్రహ్మాండం" అని చెప్పి, మెట్లు దిగగానే "నూనె కంపు" అని గొణుక్కుంటూ పోవడం మనకు అలవాటైపోయింది. ఆ "బ్రహ్మాండం" అన్న మాటనే నమ్మి అతను మర్నాడు కూడా అదే నూనెలో వేయిస్తాడు.

నాకు తోచిన మాట ముందే చెప్పేస్తాను. మన ఊళ్లో తిండి పొద్దుటి పూట గొప్పగా ఉంటుంది, మధ్యాహ్నం బాగుంటుంది, రాత్రికి చెడిపోతుంది. ధర మాత్రం సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తుంది.

పొద్దుటి పూట గురించి రాయాలంటే కాలువ గట్టు మీద రేకుల షెడ్డులో నడిచే చిన్న హోటలుతో మొదలుపెట్టాలి. ఇడ్లీ, ఉప్మా, పెసరట్టు, దిబ్బరొట్టె తప్ప అక్కడ మరేమీ దొరకదు. దిబ్బరొట్టెకు మినపపిండిలో బియ్యపు రవ్వ కలిపి అంత మందాన పోసినప్పుడు, అడుగు ఎర్రగా కాలే వేళకు నడిమధ్య పిండి కూడా పచ్చివాసన లేకుండా ఉడకాలంటే, మందపాటి మూకుట్లో, మూత పెట్టి, సన్నని సెగ మీద మగ్గనివ్వడం తప్ప వేరే దారి లేదు. మంట పెంచితే అడుగు మాడిపోయి లోపల జిగురు మిగులుతుంది. ఆ హోటలు వంట మాస్టరు పక్కన పదిమంది నిలబడి తొందరపెడుతున్నా మూత ఎత్తలేదు, మంట పెంచలేదు. పాలకొల్లు, నరసాపురం వైపు దిబ్బరొట్టె తిని పెరిగినవాళ్లు కూడా అతని రొట్టెకు వంక పెట్టలేరని నా నమ్మకం. పెసరట్టు కూడా అంతే. పిండిని పులియబెట్టే పని లేదు కాబట్టి ఏ రోజు పిండి ఆ రోజే రుబ్బుతున్నాడు, అల్లం ముక్క పంటి కింద తగులుతోంది.

అతని హోటలు బాగుండడానికి చేతి చలవ ఒక్కటే కారణం కాదు. నేను పనిచేసే వంటశాల నుంచి రోజూ వేలాది మంది కార్మికులకు భోజనం వెళ్తుంది కాబట్టి, ఎక్కడ తిన్నా నా కళ్లు ముందు ఆ హోటలు వెనక గదిని వెతుకుతాయి. ఆ షెడ్డు వెనక ఫ్రిజ్ లేదు. పిండి అయిపోయాక, తొమ్మిదిన్నర అయినా పది అయినా, "అయిపోయిందండీ" అని పొయ్యి ఆర్పేస్తున్నాడు. మిగిలిన సరుకే లేనప్పుడు, మిగిలినదాన్ని రేపటికి ఎలా సర్దాలన్న ఆలోచన కూడా పుట్టదు. హోటళ్లలో సగం చెడు ఆ ఆలోచనలోంచే పుడుతుంది.

అతని దగ్గరా ఒక లోపం ఉంది. ఇళ్ల చుట్టూ కొబ్బరి చెట్లు, కూతవేటు దూరంలో అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ఉండగా, కొబ్బరి చట్నీ పేరుతో అతను పోసేది పుట్నాలపప్పు కలిపిన నీళ్లు. ఇది అతని ఒక్కడి సంగతి కాదు. ఊళ్లో ఇంచుమించు అన్ని టిఫిన్ సెంటర్లదీ ఇదే వరస. చట్నీ ఎంత అడిగితే అంత పోయాలన్న ఆనవాయితీ ఉన్నంత కాలం అది పలచబడుతూనే ఉంటుంది. రెండోసారి అడిగినవారి దగ్గర రెండు రూపాయలు పుచ్చుకుని అసలైన కొబ్బరి రుబ్బి వేస్తే ఎవరూ కాదనరు. అచ్చమైన కొబ్బరి చట్నీ నాకు అంబాజీపేటలో పొట్టిక్కలతోనే దొరికింది. పనసాకులను పుల్లలతో బుట్టలుగా కుట్టి, వాటిలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికించినప్పుడు పిండికి పట్టే ఆకు వాసన, స్టీలు ప్లేటులో వండిన ఇడ్లీకి ఎన్ని దినుసులు వేసినా రాదు. అయితే రోజూ తెల్లవారకముందే అన్ని బుట్టలు కుట్టే చేతులు ఉండాలి, అందుకే మన ఊళ్లో ఎవరూ ఆ జోలికి పోవడం లేదు.

మధ్యాహ్నం మెస్సుల్లో ఎక్కువమంది మెచ్చుకునేది భార్యాభర్తలు నడిపే ఆ పాత పెంకుటింటి మెస్సునే. ఆ మెప్పుకు అది తగినదే. పప్పు చిక్కగా ఉంటుంది, మజ్జిగ పులుసు విరగదు, పెరుగు గడ్డగా ఉంటుంది. పనసపొట్టు కూరలో ఆవముద్దను కూర దించాక కలుపుతున్నారు. పొయ్యి మీద ఉండగానే కలిపితే కూర చేదెక్కుతుంది, ఊళ్లో మరో రెండు చోట్ల ఆ చేదే తిన్నాను. ఈ మెస్సు మీద నా ఫిర్యాదు గడియారానికి సంబంధించినది. పన్నెండున్నరకు కూర్చున్నవారికీ రెండున్నరకు కూర్చున్నవారికీ వడ్డించేది ఒకే వంట అయినా, తినేది మాత్రం ఒకటి కాదు. మా వంటశాలలో వేడి పదార్థం 60 డిగ్రీల కిందికి దిగకుండా, చల్లనిది 5 డిగ్రీలు దాటకుండా చూడడమే నా ఉద్యోగంలో ముఖ్యమైన పని. మెస్సులో కూరల గిన్నెలు పన్నెండు నుంచి మూడు దాకా బల్ల మీద అలాగే ఉంటాయి. వేడినీళ్ల తొట్టిలో గిన్నెలు దింపే బల్ల కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు. క్యారేజీ తెప్పించుకునేవారికి ఈ బాధ తక్కువ, ఎందుకంటే క్యారేజీలు ముందుగా నింపుతారు. మీరు ఎప్పుడైనా తెప్పించుకుంటే అక్కడి నుంచే తెప్పించుకోండి.

చేపలు, రొయ్యల విషయంలో మన ఊరికి ఉన్న పేరుకూ హోటళ్లలో పెట్టేదానికీ పొంతన కుదరలేదు. 2009లో వనామీ రొయ్యల సాగుకు అనుమతి వచ్చాక మన వైపు చెరువులు ఎంత పెరిగాయో మీకు తెలుసు. 30 కౌంటు, అంటే కిలోకు ముప్పై తూగే పెద్ద రొయ్య ఐసు పెట్టెల్లో ఎగుమతికి పోతుంటే, హోటలు మూకుట్లోకి వచ్చేది చిన్న సరుకు. చిన్న రొయ్య తక్కువేమీ కాదు, చింతచిగురుతో వండితే అదే మేలు. కాకపోతే దాన్ని వెన్ను మీది నల్లనరం తీయకుండా, రబ్బరులా సాగేదాకా వేయించి పెడుతున్నారు. ఇంతకంటే నాకు కష్టం కలిగించింది మరొకటి. సంక్రాంతి వారంలో ఒక హోటలు ముందు "పులస పులుసు లభించును" అని బోర్డు పెట్టారు. పులస గోదావరికి ఎర్రనీరు తగిలే వరద రోజుల్లో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, సముద్రం వదిలి ఏటికి ఎదురీదుతుంది. జనవరిలో కుండలోకి ఎక్కిన చేప నెలల తరబడి ఐసులో ఉన్నదైనా అయి ఉండాలి, ఒడిశా, బెంగాల్ వైపు నుంచి వచ్చినదైనా అయి ఉండాలి. సప్లయరును అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పక్క బల్ల దగ్గర హైదరాబాదు నుంచి వచ్చిన అల్లుడు గారికి మామగారు అదే పులుసు ప్రేమగా వడ్డిస్తుంటే నేను నోరు విప్పలేదు. పండగ పూట ఒకరి మర్యాదను చెడగొట్టడం దేనికి?

ఇక రాత్రి పూట తెరిచే ఫ్యామిలీ రెస్టారెంట్లు. మన గదులను అడుగుతున్నది కూడా అలాంటిదే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మెనూ కార్డు పెళ్లి శుభలేఖ అంత మందంగా ఉంటుంది. పన్నీరు కూరలు, మంచూరియాలు, నూడుల్సు, తందూరీలు, కుండ బిర్యానీ, బొంగు చికెన్, అన్నీ ఉంటాయి. అన్ని రకాలను అడిగిన పది నిమిషాల్లో తేవడం ఏ వంటవాడి వల్లా కాదు. కాబట్టి లోపల ఒక ఎర్ర గ్రేవీ, ఒక తెల్ల గ్రేవీ ముందే కాచి ఫ్రిజ్‌లో పెట్టుకుని, ఏ పేరు అడిగితే ఆ పేరుకు తగిన ముక్కలు వేసి తెస్తారు. నేనూ మీ మేనకోడలూ వేరు వేరు పేర్లతో తెప్పించుకున్న కూరలు కళ్లు మూసుకుని తింటే ఏది ఏదో చెప్పలేకపోయాము. కుండ బిర్యానీ కుండలో ఉడికినది కాదు, డేగిశాలో ఉడికాక కుండలోకి దించినది. బొంగు చికెన్ మారేడుమిల్లి మన్యంలో పచ్చి వెదురులో నిప్పుల మీద కాలుస్తారు. మన దగ్గర పాత బొంగులో వేపుడు నింపి తెచ్చారు. ఆ బొంగును ఎన్నిసార్లు కడిగి వాడారో తలచుకుంటే ముద్ద దిగలేదు.

రంగు సంగతి మరీ దారుణం. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వాడకూడదని కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో నిషేధించినప్పుడు ఇక్కడి మా తెలుగువాళ్లం కూడా దాని గురించి మాట్లాడుకున్నాము. మన రెస్టారెంటులో తిన్న మంచూరియా రంగు మర్నాటికి కూడా పిల్లవాడి వేళ్లకు వదలలేదు. నూనె గురించి అయితే 2018 జూలై 1 నుంచి దేశమంతటా నియమం ఉంది. మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పుట్టే పోలార్ కాంపౌండ్లు 25 శాతం దాటితే ఆ నూనె వంటకు పనికిరాదు. కొలిచే సాధనం లేకపోయినా, నల్లబడి, చిక్కబడి, మూకుడు అంచున నురగ కట్టే నూనెను గుర్తుపట్టడానికి కన్ను చాలు. మధ్యాహ్నం మిగిలిన అన్నాన్ని బయటే ఉంచి రాత్రి ఫ్రైడ్ రైస్ చేయడం అంతకంటే ప్రమాదం. ఉడికిన అన్నంలోనూ బతికి ఉండే సూక్ష్మజీవి ఒకటి ఉంది, అది గది వేడిలో పెరిగి వదిలే విషం మళ్లీ వేయించినా పోదు. అక్కడ అలా చేస్తున్నారని నేను చూడలేదు, చూడకుండా అనను. అన్నం మెతుకు మాత్రం ఆ పూట వండినదిలా లేదు.

ఇంత చెప్పాక వాళ్ల పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. లోపల వండే కుర్రాళ్లు దూర రాష్ట్రాల నుంచి వచ్చి రోజుకు పన్నెండు గంటలు పొయ్యి ముందు నిలబడుతున్నారు. వాళ్ల చేతికి ఆ కార్డు ఇచ్చినవారిది తప్పు గాని వాళ్లది కాదు. పైగా జనం అక్కడికి ఊరికే వెళ్లడం లేదు. చల్లగా కూర్చోవడానికి చోటు, ఆడవాళ్లు మొహమాటం లేకుండా వెళ్లగలిగే శుభ్రమైన బాత్రూమ్, పిల్లల పుట్టినరోజుకు నాలుగు బల్లలు కలిపి వేసే వీలు ఊళ్లో ఇంకెక్కడా లేవు. కాలువ గట్టు మీద దిబ్బరొట్టె ఎంత బాగున్నా అత్తయ్య గారు ఆ బల్ల మీద కూర్చుని తినగలరా? మెస్సులో చెయ్యి కడుక్కునే చోట కాలు జారని వయసు మళ్లినవారు ఎందరు? బాగా వండేవారికి కూర్చోబెట్టే చోటు లేదు, కూర్చోబెట్టే చోటు ఉన్నవారికి వంట లేదు.

మన గదులకు ఆ చోటు ఉంది. కాబట్టి అద్దెకు ఇవ్వవద్దనే నా సలహా. బావమరిది చేత పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనం మాత్రమే పెట్టించండి. మూడు గంటలకు తలుపులు మూసేయాలి, రాత్రి వ్యాపారం మీద ఆశ పెట్టుకోకూడదు. టిఫిన్లు ఐదు రకాలు మించకూడదు, కొబ్బరి చట్నీలో కొబ్బరి ఉండాలి, చేపల పులుసు ఆదివారం మాత్రమే ఉండాలి, దొరికిన చేప పేరే బోర్డు మీద రాయాలి. బొచ్చె దొరికితే బొచ్చె అనే రాయమనండి. ముందు బాత్రూము, చేతులు కడుక్కునే చోటు కట్టించి, ఆ తరువాతే బల్లలు కొనండి.

ఒకవేళ బావమరిదికి తెల్లవారుజామున నాలుగింటికి లేచే ఓపిక లేదని మీకు అనిపిస్తే, అద్దెకే ఇవ్వండి, తప్పేమీ లేదు. అప్పుడు అద్దె ఎంత ఇస్తారని అడిగే ముందు వాళ్ల మెనూ కార్డు చూపమనండి. వాడిన నూనె, జిడ్డునీళ్లు కాలువలోకి వదలకూడదని, గ్యాస్ సిలిండర్లు గది బయట ఇనుప జాలీలో ఉండాలని, ఆహార భద్రత లైసెన్సు గోడ మీద కనిపించాలని అగ్రిమెంటులో రాయించండి.

మీ నిర్ణయం ఏదైనా దసరా లోపు తెలియజేయండి. హోటలు మనమే పెడతామంటే గ్రైండరుకు, వేడినీళ్ల బల్లకు అయ్యే డబ్బు నేను పంపుతాను. అత్తయ్య గారికి నా నమస్కారాలు, పిల్లలకు దీవెనలు చెప్పండి.

ఇట్లు,
మీ మేనల్లుడు