పచ్చ ఈగలన్నీ ఒకటి కావు

సంపాదకులకు,

తీరంలో ఎండుచేపల మీద ముసిరే పచ్చ ఈగల వల్లే పశువుల పుండ్లలో పురుగులు పడుతున్నాయని, చేపలు ఆరబెట్టే చోట్లను ఊళ్లకు దూరంగా తరలించాలని మీ పత్రికలో వార్త వచ్చింది. ఆ రెండు పనులూ చేసేది ఒకే ఈగ కాదు. రెండూ క్రైసోమియా ప్రజాతివే, మామూలు కంటికి కవలల్లా ఉంటాయి. బతుకు తీరు మాత్రం పూర్తిగా వేరు.

తడి చేప మీద గుడ్లు పెట్టేది ఎక్కువగా క్రైసోమియా మెగాసెఫలా. చచ్చిన మాంసం, చేప, మలం దీని పిల్లపురుగుల తిండి. క్రైసోమియా బెజ్జియానా బతికి ఉన్న జంతువుల మీదే, ఎక్కువగా గాయం అంచున గుడ్లు పెడుతుంది. దాని పురుగు ఐదు నుంచి ఏడు రోజులు పచ్చి కండ తిని, నేల మీద పడి మట్టిలో కోశస్థ దశకు (గట్టి కోశం లోపల ఈగగా మారే దశ) చేరుతుంది. ఎండుచేపలో అది పెరగదు.

ఈగ దొరికితే పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం చాలు. ముందు రెక్క మొదట్లో, కిందివైపు ఉండే పొలుసు లాంటి పొరను చూడాలి. మెగాసెఫలాలో అది గోధుమ రంగు, బెజ్జియానాలో మైనం లాంటి తెలుపు. మగ ఈగైతే ఇంకా తేలిక: మెగాసెఫలా కంట్లో పైభాగపు గళ్లు పెద్దవి, కిందివి చిన్నవి, మధ్యలో గీత గీసినట్టు తేడా తెలుస్తుంది. చేపల దగ్గరికే వచ్చే మూడోది క్రైసోమియా రూఫిఫేసీస్. దాని చెంపలు తెల్లగా ఉంటాయి, మెగాసెఫలావి నారింజ రంగు. తల వెనుక, ముందు కాలికి పైన ఉండే శ్వాసరంధ్రం రూఫిఫేసీస్‌లో తెల్లగా, మెగాసెఫలాలో ముదురుగా కనిపిస్తుంది. అప్పుడే కోశం వీడిన ఈగకు రంగులు కుదురుకోవు, దాన్ని చూసి తేల్చకూడదు. ఒంటి పచ్చదనం, నీలిఛాయ అసలు ఆధారమే కాదు.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది పురుగుల దగ్గరే. పుండు అంచున దొరికినవి తీసి పంపితే చచ్చిన కండ కోసం తర్వాత చేరిన మెగాసెఫలావే రావచ్చు, అసలు దోషి లోపల ఉండిపోతుంది. లోతు నుంచి పట్టకారుతో పది దాకా తీయాలి. బతికున్న వాటిని నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే ముడుచుకుని నల్లబడతాయి. మరిగించి దించిన నీళ్లలో అర నిమిషం ఉంచి, ఆ తర్వాత 80 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. చీటీ పెన్సిల్‌తో రాయాలి, సిరా కరిగిపోతుంది. ఎదిగిన పురుగు ముందు శ్వాసరంధ్రానికి ఉండే వేళ్లలాంటి కొమ్మలను సూక్ష్మదర్శినిలో లెక్కపెడితే బెజ్జియానాకు సాధారణంగా నాలుగు నుంచి ఆరు, మెగాసెఫలాకు పది పైన కనిపిస్తాయి. బెజ్జియానా ఒంటి చుట్టూ నల్లటి ముళ్ల పట్టీలు కూడా దట్టంగా ఉంటాయి. రూఫిఫేసీస్ పురుగుకు కండగల బొడిపెలు ఉంటాయి కానీ తొలి దశలో అవి రావు. ఈ పురుగు తోటి పురుగులను కూడా తింటుంది!

అలల అంచున తడి ఇసుక మీద గుంపుగా కదిలే రెండు మూడు మిల్లీమీటర్ల బూడిద రంగు ఈగలు చాలావరకు ఎఫిడ్రిడే కుటుంబానివి. నాచు లాంటివి తిని బతుకుతాయి, వాటి జోలికి పోనక్కర్లేదు.

చేపల మీద పురుగుమందు చల్లడం మాత్రం ఘోరం. పైన వాలిన ఈగ చస్తుంది, మొప్పల్లోని పురుగు మిగులుతుంది, ఆ మందు చేప తినేవాళ్ల కంచంలోకి చేరుతుంది. మెగాసెఫలా ప్రమాదం చేప తడిగా ఉన్నంతసేపే. ఇసుక మీద కాకుండా నడుమెత్తు తడకల మీద, గాలి ఆడేలా ఆరబెడితే ఆ సమయం తగ్గుతుంది. పెద్ద చేపలకు మూడు కిలోలకు కిలో చొప్పున ఉప్పు పట్టించాలి. తలకాయలు, పేగులు వదులు ఇసుకలో పైపైన పూడ్చితే లాభం లేదు. కోశం వీడే ఈగ నుదుటి మీది సంచిని ఉబ్బిస్తూ ఇసుకను తోసుకుని పైకొస్తుంది. వాటిని ఏ రోజుకారోజు తీసేయాలి.

ఆరబెట్టే చోట్లు పోతే వాటి మీద బతికే ఆడవాళ్ల కూలి పోతుంది. ఏ పశువు పుండులోంచైనా పురుగు తీసి, అది ఏ జాతిదో పశువైద్యులు రాసిచ్చాకే అలాంటి మాట అచ్చు వేయాలని కోరుతున్నాం.

— కీటకశాస్త్ర అధ్యాపకులు, కాకినాడ