డిజిటల్ కీ సర్పంచ్ చేతిలోనే ఉండాలి

సంపాదకులకు,

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీల్లో మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు మహిళలకు ఇవ్వాలంది. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇప్పుడది సగం. అయినా చాలా ఊళ్లలో ‘సర్పంచ్ గారు’ అనగానే జనం చూసేది ఆమె భర్త వైపు. ఈ పద్ధతి పోవాలని 2015లో ప్రధాని చెప్పారు. 2023లో కేంద్ర పంచాయతీరాజ్ శాఖ కమిటీ కూడా వేసింది. మనం మాత్రం కుర్చీలో ఎవరు కూర్చున్నారన్న దగ్గరే ఆగిపోతున్నాం. డబ్బు కదిలే చోట ఎవరున్నారో చూడటం లేదు.

ఆర్థిక సంఘం నిధులు ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో, అంటే పంచాయతీల లెక్కల కోసం కేంద్రం పెట్టిన వెబ్‌సైట్‌లో, కదలాలంటే రెండు డిజిటల్ కీలు కావాలి. ఒకరు బిల్లు ఎక్కిస్తే ఇంకొకరు ఆమోదించాలి. ఆ రెండింట్లో ఒకటి సర్పంచ్‌ది. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉంటుంది గానీ, 2000 నాటి ఐటీ చట్టం ప్రకారం దాంతో చేసిన సంతకం చేవ్రాలుతో సమానం. అలాంటిది భర్త జేబులోనో, కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులోనో పడి ఉంటుంది, పిన్ రాసిన చీటీ దానికే అంటించి. నమోదైన ఫోన్ నంబరూ ఇంటాయనదే. రేపు ఆడిట్‌లో తేడా తేలితే రికవరీ నోటీసు వచ్చేది ఆమె పేరు మీద.

అందుకే కీకి దరఖాస్తు పెట్టకముందే ఆమె పేరున సిమ్ తీసుకోవాలి, ఆ నంబరే నమోదు చేయించాలి. కీ చేతికొచ్చిన పూటే పిన్ ఆమే పెట్టుకోవాలి. తప్పు పిన్ పదేపదే కొడితే కీ లాకైపోతుంది. ఆ భయంతోనే చాలామంది ఆపరేటర్‌కు వదిలేస్తారు. రెండు మూడు బిల్లులు సొంత చేత్తో కొడితే భయం పోతుంది. పిన్ ఇప్పటికే నలుగురికీ తెలిసిపోతే మార్చేయడం నిమిషాల పని. కీ కనపడకపోతే వెంటనే రద్దు చేయించాలి.

పిన్ కొట్టే ముందు డబ్బు ఎవరి ఖాతాకు, ఎంత వెళ్తోందో తెర మీద చదవాలి. బిల్లులోని కొలతలు ఎం-బుక్‌తో, అంటే పని కొలతలు రాసే పుస్తకంతో, సరిచూడాలి. వంద మీటర్ల సిమెంటు రోడ్డు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 10 సెంటీమీటర్లే పోస్తే 30తో సరిపోతుంది. మిగతా 15 ఘనపు మీటర్ల డబ్బు ఊరికి నష్టం. అంచుల వెంట మట్టి పోయకముందు టేపు పెట్టి చూస్తే ఇది ఎవరికైనా తెలుస్తుంది. మట్టి కప్పాక మళ్లీ తవ్వాల్సిందే.

తీర్మానాల పుస్తకంలో మోసం ఇంకా సులువు. చివరి తీర్మానానికీ సంతకానికీ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ వదిలితే చాలు, తర్వాత ఎవరో అందులో ఇంకో పని ఇరికిస్తారు. ఆఖరి వరుస కిందే సంతకం పెట్టి, మిగిలిన ఖాళీని అడ్డంగా కొట్టేయాలి. సమావేశం జరగకముందు ఖాళీ పేజీ మీద సంతకం అడిగితే ఎంత దగ్గరివాళ్లయినా సరే పెట్టకూడదు.

భర్త సాయపడటం తప్పని అనడం లేదు. బండి మీద మండలానికి తీసుకెళ్లడం, కాగితం చదివి చెప్పడం సాయం. పిన్ అడగడం పెత్తనం. ఇంట్లో ఏటీఎం కార్డు ఎన్నడూ చేతికి రాని మనిషికి, ఆఫీసులో ‘నా కీ నాకివ్వండి’ అనడానికి నోరు పెగలదు. అందుకే గౌరవ వేతనం ఆమె సొంత ఖాతాలో పడాలి, కార్డు ఆమె దగ్గరే ఉండాలి.

అధికారులూ మారాలి. ‘మేడంతో సంతకం పెట్టించండి సార్’ అంటూ భర్తకు ఫోన్ చేసే అలవాటు మండల ఆఫీసు నుంచే మొదలవుతోంది. ప్రతి పంచాయతీలో సర్పంచ్ సొంత నంబరు గోడ మీద రాయించాలి, ఆ నంబరుకే ఫోన్ చేయాలి. సమీక్షకు ఆమె బదులు భర్త వస్తే బయట కూర్చోమనాలి. కీల శిక్షణ ఆమె ఒక్కరికే, కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఇవ్వాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత పంచాయతీ విస్తరణాధికారి